రెట్టింపు గోళీ నాలుగు రెట్ల వేగంతో ఎందుకు పడలేదు? ఆముదంలో స్టోక్స్ ప్రయోగం గురించి

అమ్మా, ముందు నీ ప్రశ్న నాకు అర్థమైనట్టుగా ఒకసారి రాస్తాను. నువ్వు డిగ్రీ రెండో సంవత్సరం. ఆముదంలో స్టీలు గోళీలు వదిలి దాని స్నిగ్ధత, అంటే నూనె ఎంత చిక్కగా ఉండి కదలికను అడ్డుకుంటుందో చెప్పే కొలత, కనుక్కునే ప్రయోగం చేశావు. జార్ లోపలి వ్యాసం 4 సెం.మీ., రెండు గుర్తుల మధ్య దూరం 20 సెం.మీ. ఆ దూరం దాటడానికి 2 మి.మీ. వ్యాసం గల గోళీకి 6.8 సెకన్లు, 3 మి.మీ. గోళీకి 3.3 సెకన్లు, 4 మి.మీ. గోళీకి 2.0 సెకన్లు పట్టాయి. బ్రిటన్ శాస్త్రవేత్త స్టోక్స్ ఇచ్చిన సూత్రం ప్రకారం సైజు రెట్టింపైతే వేగం నాలుగు రెట్లు కావాలి. నీకు 3.4 రెట్లే వచ్చింది. స్నిగ్ధత లెక్క కడితే మూడు గోళీలకు మూడు విలువలు వచ్చాయి: 0.51, 0.55, 0.60 పాస్కల్-సెకన్లు. పుస్తకంలో చూస్తే 0.986 ఉంది. ‘ఎక్కడ తప్పు చేశాను సార్? రీడింగులు సర్దేసి రాసెయ్యమని ఫ్రెండ్స్ అంటున్నారు’ అని అడిగావు.

సర్దొద్దు. నీ రీడింగులు బాగున్నాయి. డిగ్రీ ల్యాబులో చాలా ఏళ్లు ఈ ప్రయోగం చేయించినవాణ్ణి. ఈ జార్‌లో, ఈ గోళీలతో సరిగ్గా నాలుగు రెట్లు వచ్చిందని ఎవరైనా రికార్డు పట్టుకొస్తే నాకు అనుమానం వచ్చేది. నీ 3.4 వెనక భౌతికశాస్త్రం ఉంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

గోళీ నూనెలో పడుతున్నప్పుడు దాని మీద మూడు బలాలు పనిచేస్తాయి. బరువు కిందికి లాగుతుంది. అది తొలగించిన నూనె బరువెంతో అంత ఉత్ప్లవన బలం పైకి నెడుతుంది. మూడోది నూనె ఇచ్చే నిరోధం. మొదటి రెండూ గోళీ కదిలినా ఆగినా మారవు. మూడోది మాత్రం వేగంతో పాటు పెరుగుతుంది. గోళీ వేగం పుంజుకునే కొద్దీ నిరోధం పెరిగి, ఒక దశలో మూడూ సరిపోతాయి. అక్కడి నుంచి వేగం పెరగదు, తగ్గదు. అదే టెర్మినల్ వెలాసిటీ. తెలుగు మీడియం పుస్తకాల్లో చరమ వేగం అంటాం.

ఇక ఆ నాలుగు రెట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? గోళీ బరువు వ్యాసార్ధం ఘనంతో పెరుగుతుంది. వ్యాసార్ధం రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు. నిరోధం సంగతి వేరు. స్టోక్స్ సూత్రం ప్రకారం అది 6 × పై × స్నిగ్ధత × వ్యాసార్ధం × వేగం. అంటే అదే వేగం దగ్గర నిరోధం రెండు రెట్లే పెరుగుతుంది. ఎనిమిది రెట్ల బరువును మోయడానికి మిగతా నాలుగు రెట్లు వేగం నుంచే రావాలి. వేగం వ్యాసార్ధం వర్గానికి అనుపాతంలో ఉంటుందన్న మాటకు అసలు అర్థం ఇదే. సూత్రం బట్టీ పట్టకుండా ఈ ఎనిమిది, రెండు, నాలుగు లెక్క గుర్తుపెట్టుకో. వైవాలో ఎటు తిప్పి అడిగినా చెప్పగలవు.

చాలామంది పిల్లలకు ఇంకో భయం ఉంటుంది: ‘పై గుర్తు దగ్గరికి వచ్చేసరికి గోళీ చరమ వేగం అందుకుందో లేదో’ అని. ఆముదంలో ఆ భయం అక్కర్లేదు. 3 మి.మీ. స్టీలు గోళీ అందులో స్థిరపడటానికి పట్టే సమయం సెకనులో నూరో వంతు లెక్కన ఉంటుంది. ఆలోగా అది కదిలే దూరం కొద్ది మిల్లీమీటర్లు కూడా ఉండదు. మన కంటికి అది నూనెలోకి దిగిన క్షణం నుంచీ ఒకే వేగంతో పోతున్నట్టే ఉంటుంది. అయినా పై గుర్తును నూనె మట్టానికి ఓ నాలుగైదు సెంటీమీటర్ల కింద పెట్టమంటాం. వేగం అందుకోవడం కోసం కాదు, ఉపరితలం ప్రభావం తగలకుండా. అడుగున కూడా అంతే దూరం వదలాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్టోక్స్ ఆ సూత్రాన్ని గోడలు లేని ద్రవానికి రాశాడు. చుట్టూ ఎటు చూసినా అంతులేని నూనె, మధ్యలో ఒకే ఒక గోళీ. నీ దగ్గరున్నది 4 సెం.మీ. జార్. ‘గోళీ ఎంత, జార్ ఎంత! గోడ ఎక్కడో ఉంది కదా’ అనిపిస్తుంది. నిజానికి గోడ చాలా దగ్గరే ఉంది. చిక్కటి నూనెలో గోళీ ఒంటరిగా పడదు, చుట్టూ ఉన్న నూనెను కూడా తనతో కిందికి ఈడ్చుకుపోతుంది. ఆ ఈడ్పు ఎంత దూరం వ్యాపిస్తుందో స్టోక్స్ లెక్కలోనే ఉంది. గోళీ మధ్య నుంచి పక్కకి పది వ్యాసార్ధాల దూరంలో ఉన్న నూనె కూడా గోళీ వేగంలో ఏడున్నర శాతం వేగంతో కిందికి కదులుతూ ఉంటుంది.

నీ 4 మి.మీ. గోళీ వ్యాసార్ధం 2 మి.మీ. పది వ్యాసార్ధాలంటే 2 సెం.మీ. జార్ మధ్య నుంచి గోడకు దూరం కూడా సరిగ్గా 2 సెం.మీ.! ఏడున్నర శాతం వేగంతో కదలాల్సిన చోట గాజు గోడ ఉంది, గాజుకు అంటుకున్న నూనె కదలదు. అంతే కాదు, గోళీ దిగిన కొద్దీ అది ఖాళీ చేసే చోటు నింపడానికి నూనె పైకి రావాలి. గోడలున్న జార్‌లో ఆ నూనె గోళీకీ గోడకీ మధ్య ఇరుక్కుంటూ పైకి పోవాలి. ఇవన్నీ కలిసి గోళీని వెనక్కి పట్టుకుంటాయి. అదే 2 మి.మీ. గోళీకైతే గోడ ఇరవై వ్యాసార్ధాల దూరంలో ఉంటుంది, దాని మీద ప్రభావం సగానికి సగం తగ్గుతుంది. చూశావా, ఒకే జార్ పెద్ద గోళీకి ఇరుకు, చిన్న గోళీకి విశాలం. పెద్దదే ఎక్కువ వెనకబడుతుంది. అందుకే నీ నాలుగు రెట్లు తగ్గాయి.

ఎంత తగ్గాలో ఫాక్సెన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త లెక్క కట్టాడు. గోళీ వ్యాసాన్ని జార్ వ్యాసంతో భాగించు. ఆ భిన్నాన్ని 2.104తో గుణించి, 1 నుంచి తీసెయ్యి. ఆ భిన్నం ఘనాన్ని 2.09తో గుణించి కలుపు. వచ్చిన దానితో 1ని భాగిస్తే గోడ వల్ల నిరోధం ఎన్ని రెట్లయిందో తెలుస్తుంది. మీ ల్యాబ్ మాన్యువల్‌లో బహుశా లాడెన్‌బర్గ్ సవరణ ఉంటుంది: 1 + 2.4 × ఆ భిన్నం. రెండూ నీ గోళీలకు దగ్గర దగ్గరగానే ఇస్తాయి. ఫాక్సెన్ ప్రకారం నీ మూడు గోళీలకు 1.12, 1.19, 1.26 వస్తాయి. వాటితో నీ విలువలను భాగించు. 0.51 కాస్తా 0.456 అవుతుంది, 0.55 కాస్తా 0.463, 0.60 కాస్తా 0.475. మూడు వేర్వేరు విలువలు ఒకదాని పక్కకి ఒకటి ఎలా చేరాయో చూడు. వేగాల నిష్పత్తి 3.4 నుంచి 3.8 దాటింది.

మిగిలిన కాస్త తేడాకు రెండు కారణాలు. ఒకటి నీ బొటనవేలు. 2.0 సెకన్ల సమయంలో స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను అటూ ఇటూ అయితే అదే పది శాతం. రెండోది జడత్వం. నూనెను పక్కకి నెట్టి మళ్లీ కలిపే పనిలో నూనె జడత్వానికి, అంటే కదలిక మార్పుకు అది ఎదురుతిరిగే గుణానికి, పాత్ర లేదన్నట్టు స్టోక్స్ లెక్క కట్టాడు. అది చాలా నెమ్మది కదలికకే చెల్లుతుంది. ఎంత నెమ్మది అనేది రేనాల్డ్స్ సంఖ్య చెబుతుంది: ద్రవం సాంద్రత × వేగం × వ్యాసం, దాన్ని స్నిగ్ధతతో భాగించాలి. నీ 2 మి.మీ. గోళీకి ఇది 0.12 చుట్టూ వస్తుంది, ఏ ఇబ్బందీ లేదు. 4 మి.మీ. గోళీకి 0.85 దాకా పోతుంది. అక్కడ సూత్రం కొన్ని శాతం తప్పడం మొదలవుతుంది. అందుకే సవరణ తర్వాత కూడా 0.475 మిగతా రెండింటి కన్నా కొంచెం పైన నిలిచింది.

ఇక పుస్తకంలోని 0.986 సంగతి. నీకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఇదే, అన్నిటికన్నా తేలిగ్గా తేలేదీ ఇదే. ఆ విలువ 20 డిగ్రీల దగ్గరిది. మన ల్యాబుల్లో 20 డిగ్రీలు ఎప్పుడుంటుంది? 30 డిగ్రీల దగ్గర ఆముదం స్నిగ్ధత 0.451. 40 దగ్గర 0.231. 10 డిగ్రీలు పెరిగితే దాదాపు సగానికి పడిపోతోంది. ఒక్క డిగ్రీకే ఏడెనిమిది శాతం తేడా. నువ్వు థర్మామీటరు రీడింగు రాయలేదన్నావు. నీకు వచ్చిన 0.456ను బట్టి మీ నూనె 30 డిగ్రీల దగ్గర ఉండి ఉంటుందని ఇక్కడ కూర్చునే చెప్పగలను. పొద్దున తొమ్మిదికి సగం రీడింగులు, మధ్యాహ్నం రెండుకు మిగతా సగం తీస్తే ఆ రెండూ రెండు వేరే నూనెల రీడింగులే అనుకో. స్నిగ్ధత పక్కన ఉష్ణోగ్రత రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు.

ఈ విషయంలో నేనొకసారి పిల్లల పట్ల అన్యాయంగా ప్రవర్తించాను. మా కాలేజీలో ఒక ఏడాది ఆముదానికి బదులు గ్లిజరిన్ వాడాం. వేసవి తర్వాత వచ్చిన బ్యాచ్ రీడింగులు పాత రికార్డుల్లో ఉన్నదాని కన్నా బాగా తక్కువ వచ్చాయి. ఉష్ణోగ్రత తేడా లెక్కలోకి తీసుకున్నా కలవలేదు. అజాగ్రత్తగా చేశారని అందరినీ కోప్పడి మళ్లీ చేయించాను. మళ్లీ అవే వచ్చాయి. అప్పుడు గానీ నాకు జార్ మూత గుర్తు రాలేదు. వానాకాలమంతా అది తెరిచే ఉంది. గ్లిజరిన్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. స్వచ్ఛమైన గ్లిజరిన్ స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర 1.41. అందులో 5 శాతం నీరు కలిస్తే 0.52కు పడిపోతుంది, అంటే దాదాపు మూడో వంతుకు. పిల్లలు కొలిచింది అక్షరాలా నిజం. మర్నాడు క్లాసులో వాళ్లకు ఆ మాట చెప్పాను. అప్పటి నుంచి ఏ రీడింగునూ ‘రాకూడనిది వచ్చింది’ అని కొట్టిపారెయ్యలేదు. నీ రికార్డు సర్దొద్దని మొదటే అంత గట్టిగా చెప్పింది కూడా అందుకే.

స్టోక్స్ ఈ లెక్క ఎందుకు చేశాడో తెలుసా? గోళీల కోసం కాదు, లోలకాల కోసం. ఊగే లోలకం మీద గాలి నిరోధం ఎంతో తేల్చడానికి రాసిన వ్యాసం అది. 1851లో అచ్చయింది. ఆ వ్యాసంలోనే అతను మేఘాల సంగతీ ఎత్తాడు. నీరు గాలి కన్నా ఎన్నో వందల రెట్లు బరువు కదా, మరి మేఘం కింద పడకుండా ఎలా ఉంటుంది? 0.02 మి.మీ. వ్యాసం గల నీటి తుంపర గాలిలో పడే చరమ వేగం సెకనుకు 1.2 సెం.మీ. మాత్రమే. కాస్త పైకి లేచే గాలి చాలు, దాన్ని మోయడానికి. మేఘం నిజంగా పడుతూనే ఉంటుంది, మనకు కనపడనంత నెమ్మదిగా.

అదే సూత్రాన్ని వాన చినుకుకు వాడితే ఏమవుతుందో నువ్వే కట్టి చూడు. 2 మి.మీ. చినుకు ఆ తుంపర కన్నా నూరు రెట్లు పెద్దది. కాబట్టి పదివేల రెట్లు వేగం, సెకనుకు 120 మీటర్లు! ఆ వేగంతో వాన కురిస్తే బయట తల పెట్టలేం. నిజంగా 2 మి.మీ. చినుకు పడేది సెకనుకు 6.5 మీటర్ల వేగంతో. ఇక్కడ జడత్వమే రాజ్యమేలుతుంది. చినుకు గాలిని గుద్దుకుంటూ, వెనక సుడులు వదులుతూ వస్తుంది. అప్పుడు నిరోధం వేగం వర్గంతోనూ, అడ్డుకోత వైశాల్యంతోనూ పెరుగుతుంది. సైజు పెరిగినా వేగం అంతగా పెరగదు. 5 మి.మీ. చినుకు కూడా సెకనుకు 9 మీటర్ల దగ్గరే ఆగుతుంది. అంతకన్నా పెద్దవి అడుగున బల్లపరుపుగా అయిపోయి, చివరికి ముక్కలవుతాయి. గాలే లేకపోతే 2 కిలోమీటర్ల ఎత్తు నుంచి పడిన ప్రతి చినుకూ, చిన్నదైనా పెద్దదైనా, సెకనుకు దాదాపు 200 మీటర్ల వేగంతో నేలను తాకేది.

పెద్దవాటి వైపు సూత్రం ఇలా చెడుతుంది. చిన్నవాటి వైపు మాత్రం అది మన ఇళ్లలోనే అద్భుతంగా పనిచేస్తుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో బిందెలో పట్టిన నీళ్లు చూసే ఉంటావు. ఇసుక నిమిషం లోపే అడుగుకు చేరుతుంది. ఎరుపు మాత్రం మర్నాటికి కూడా పూర్తిగా దిగదు. 0.1 మి.మీ. ఇసుక రేణువు 30 సెం.మీ. దిగడానికి అర నిమిషం చాలు. 0.002 మి.మీ. బంకమట్టి రేణువుకు అదే దూరం 18 గంటల పైమాటే. యాభై రెట్లు చిన్నదైతే రెండున్నర వేల రెట్లు నెమ్మది. వర్గం అంటే అదీ! ఇంకా సన్నటి రేణువులైతే నీటి అణువుల తాకిడికి అటూ ఇటూ కొట్టుకుంటూ దిగనే దిగవు.

మన పెద్దవాళ్లు చిల్లగింజను, కొన్ని చోట్ల ఇండుపగింజ అంటారు, సానమీద అరగదీసి ఆ నీళ్లలో కలిపేవాళ్లు, లేదా కుండ లోపలి అంచుకు రుద్దేవాళ్లు. గంటల పనిని అది ఎలా తగ్గిస్తుంది? మట్టి రేణువుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది, అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. గింజలోని పదార్థం ఆ రేణువులను ఒకదానితో ఒకటి అంటిస్తుంది. పటిక చేసేదీ ఇదే పని. పది రేణువుల వెడల్పున ఒక ముద్ద కడితే, అది గట్టి ముద్ద అయితే, నూరు రెట్లు వేగంగా దిగాలి. నిజానికి ఆ ముద్దలు వదులుగా, మధ్యలో నీళ్లతో ఉంటాయి కాబట్టి నూరు రెట్లు రాదు. అయినా బిందె తేటపడటానికి సరిపోతుంది. నీళ్లను పలచన చెయ్యలేదు, మట్టిని బరువెక్కించలేదు. సైజు ఒక్కటే మార్చారు. ఈ సూత్రంలో మన చేతికి అందే అన్నిటిలోకీ బలమైన మీట సైజే.

ల్యాబులో రక్తం ఈ.ఎస్.ఆర్. పరీక్ష చేస్తారు కదా, అదీ ఇంతే. గంటలో ఎర్ర కణాలు ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో చూస్తారు. ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ లాంటివి ఉన్నప్పుడు రక్తంలో కొన్ని ప్రొటీన్లు పెరిగి కణాలు నాణేల దొంతరల్లా అంటుకుంటాయి. దొంతర పెద్దది కాబట్టి తొందరగా దిగుతుంది.

సరే, నీ జార్ దగ్గరికి వద్దాం. వచ్చే ల్యాబ్ రోజున ఇలా చెయ్యి. 1 మి.మీ. గోళీలు దొరికితే అవీ తీసుకో. 30 డిగ్రీల దగ్గర వాటికి 20 సెం.మీ. దాటడానికి 25 సెకన్ల దాకా పడుతుంది, స్టాప్‌వాచ్ పొరపాటు ఒక శాతం లోపు పడిపోతుంది. అయితే గోళీ చిన్నదయ్యే కొద్దీ వ్యాసం కొలవడంలో జాగ్రత్త పెరగాలి. లెక్కలో వ్యాసార్ధం వర్గం ఉంది. 2 మి.మీ. గోళీని వెర్నియర్‌తో 0.1 మి.మీ. తప్పు కొలిస్తే స్నిగ్ధతలో పది శాతం తప్పు వస్తుంది. స్క్రూగేజీ వాడు, మూడు వైపుల నుంచి కొలిచి సగటు తీసుకో, సున్నా దోషం చూసుకో.

గోళీని వదిలే ముందు అదే నూనెలో ముంచి తడుపు. పొడి గోళీని వేస్తే దానికి చిన్న గాలి బుడగ అంటుకుని దిగుతుంది. కంటికి సరిగ్గా ఆనదు కానీ వేగం తగ్గిస్తుంది. పట్టకారుతో నూనె మట్టానికి ఆనించి, జార్ సరిగ్గా మధ్యలో వదులు. గోడవారగా దిగితే ఫాక్సెన్ సవరణ చెల్లదు, ఆ రీడింగు వదిలేసి మళ్లీ తియ్యి. జార్ వెనక తెల్ల కాగితం పెట్టు, కన్ను గుర్తుకు సమానంగా ఉంచు. బల్బు దగ్గర పెట్టొద్దు, నూనె వేడెక్కుతుంది. ప్రతి ఐదు రీడింగులకూ ఒకసారి థర్మామీటరు చూసి పక్కనే రాసుకో.

తర్వాత గ్రాఫు గియ్యి. అడ్డంగా గోళీ వ్యాసాన్ని జార్ వ్యాసంతో భాగించిన విలువ, నిలువుగా సవరించని స్నిగ్ధత. నాలుగు బిందువులూ దాదాపు ఒక గీత మీదికి వస్తాయి. ఆ గీతను సున్నా దాకా పొడిగిస్తే తగిలే చోటే గోడలు లేని ఆముదం స్నిగ్ధత. రికార్డులో నీ 0.51, 0.55, 0.60 అలాగే ఉంచి, పక్కన ఈ గ్రాఫు అంటించు.